సర్వర్ గది ఖాళీ చేసిన వేసవి

ఆ వేసవిలో మా ఆయన ఉద్యోగం ఊడిపోయే పనిని నా చేతే చేయించాలని మా ఆఫీసు నిర్ణయించింది.

మేమిద్దరం భార్యాభర్తలమని తెలియక కాదు. అది అందరికీ తెలుసు. ఒకే కారులో వస్తాం, ఒకే కారులో పోతాం, మధ్యాహ్నం ఒకే క్యారేజీ విప్పుకుంటాం. కాకపోతే నేను రెండో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని ప్రోగ్రాం రాస్తాను. ఆయన కింద, కిటికీ అన్నదే లేని గదిలో, ఆ ప్రోగ్రాం నడిచే సర్వర్లను చూసుకునేవాడు. మాది మందుల కొట్ల వాళ్లు వాడే ప్రోగ్రాం. ఏ మందు అయిపోవస్తోందో, దేనికి గడువు దాటుతోందో చూపిస్తుంది. కొట్టువాళ్లు సాయంత్రం ఆర్డరు పెడితే అది గోడౌన్‌కి చేరి, మర్నాడు పొద్దున్నే మందు కొట్లో ఉంటుంది. లోకాన్ని తలకిందులు చేసే పనేం కాదు. కానీ ఒక్క పూట ఆగితే ఎక్కడో ఒక పెద్దాయన బీపీ మాత్ర దొరక్క ఉత్త చేతులతో ఇంటికి పోతాడు.

కొత్త డైరెక్టరు చేరి నెల తిరక్కుండానే అందర్నీ మీటింగు హాల్లోకి పిలిచింది. నాకంటే వయసులో చిన్నది. పెద్ద కంపెనీలో చేసి వచ్చింది. మాట నెమ్మదే గాని స్లైడ్లు మహా జోరుగా ఉన్నాయి. మొదటి స్లైడు మీద మా సర్వర్ గది ఫొటో, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు.

"వానలు పడేలోపు మనం పూర్తిగా క్లౌడ్‌కి వెళ్లిపోవాలి," అంది. "మన యంత్రాలు మనం కాపలా కాసుకునే రోజులు పోయాయి. పెద్ద కంపెనీల యంత్రాల్లో అద్దెకుంటాం. కరెంటు, ఏసీ, రిపేర్లు అన్నీ వాళ్ల తలనొప్పి."

ఇంతవరకైతే వినొచ్చు. తర్వాతి స్లైడు చూసి చేతిలో పెన్ను కింద పెట్టేశాను. మా ప్రోగ్రాంని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనీ వేరే ప్రోగ్రాంగా నడపాలట. ఇప్పుడు అందరూ అలాగే చేస్తున్నారట.

నా పక్కన కూర్చున్న గడ్డం నా వైపు ఒరిగాడు. అతనికి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆఫీసులో వేరే పేరుతో పిలిస్తే పలకడు. "అక్కా, మనం మొక్కాల్సిన వాళ్లలో ఇది ఎన్నో దేవుడు?" అన్నాడు మెల్లగా.

లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. ఒకప్పుడు అంతా ఒకేచోట ఉండాలన్నారు. తర్వాత అలా ఉండటం నామోషీ అన్నారు. ఒక భాషలో రాసిందంతా మరో భాషలోకి మార్చమన్నారు. మార్చి, నడుం వాల్చేసరికి ఆ రెండో భాషకీ కాలం చెల్లింది. ఒక ఏడాది రోజూ పొద్దున్నే గుండ్రంగా నిలబడి నిన్నేం చేశామో చెప్పుకోమన్నారు, నిలబడ్డాం. ఇంకో ఏడాది గోడల నిండా రంగు కాగితాలు అంటించమన్నారు, అంటించాం. కొత్తొక వింత, పాతొక రోత. మందుల కొట్టు మనిషికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. తెర మీద మందు పేరు కనబడితే చాలు.

"ఈ పనికి మీరే లీడ్," అంది డైరెక్టరు, నా వైపు చూసి. "ఈ ప్రోగ్రాం గురించి మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు."

హాల్లో తలకాయలన్నీ ఒకేసారి వెనక్కి తిరిగాయి. చివరి వరసలో మా ఆయన టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. అది మెత్తబడి గ్లాసులో పడిపోతుందేమోనన్న శ్రద్ధ తప్ప ఆయన ముఖంలో నాకు మరేమీ కనబడలేదు.

*

మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అందరికీ కంచాలు పెట్టాక, ఆయన ఫోనుకి కూడా ఒక చోటు ఉండేది. కంచానికి కుడివైపు, మంచినీళ్ల గ్లాసుకి తగలకుండా. ఆఫీసులో ఆ కింది గదిలో వేడి కాస్త పెరిగితే ఫోను మోగుతుంది. వేసవి వచ్చిందంటే ఆ గదిలో ఏసీకీ బయట ఎండకీ బద్ధవైరం. ఎండ గెలిచినప్పుడల్లా మా ఆయన అన్నం ముద్ద సగంలో వదిలి లేచేవాడు. ఆయన ఫోను మోగితే టీవీ గొంతు తగ్గించాలని మా అమ్మాయికి మాటలు రాకముందే తెలుసు. మా చెల్లెలి పెళ్లిలో కుటుంబం ఫొటో తీసే వేళకి ఆయన లేడు. నేనూ పిల్లా నిలబడ్డాం, పక్కన మనిషి పట్టేంత ఖాళీ. సెలవులకి ఎక్కడికైనా పోదామంటే, గుంజకి కట్టిన పశువు తాడు ఎంత పొడుగుంటే అంత దూరమే.

ఆయన ఇవేవీ ఏనాడూ కష్టంగా చెప్పుకోలేదు. అందుకని ఆ గదంటే ఆయనకి ప్రాణం అనుకున్నాను.

ఆ సాయంత్రం కారులో మొదలుపెట్టిన దండకం నేను వంటింట్లో కూడా ఆపలేదు. కూర కలుపుతూ డైరెక్టరుని తిట్టాను, గరిటె కడుగుతూ స్లైడ్లని తిట్టాను.

"ఆ క్లౌడంటే ఏమిటే?" అని అడిగింది మా అత్తయ్య, బల్ల దగ్గర కూర్చుంటూ.

"మన యంత్రాలు తీసేసి, ఇంకొకళ్ల యంత్రాల్లో పెట్టుకుని నెల నెలా అద్దె కట్టడం అత్తయ్యా."

"సొంతిల్లు అమ్ముకుని అద్దెకి పోయినట్టన్నమాట."

"అచ్చం అంతే."

"మరి వీడు?" అంది ఆవిడ, కొడుకు వైపు చూడకుండా.

మా అమ్మాయి కంచంలో మెతుకులు కెలుకుతోంది. "నాన్న ఉద్యోగం పోనివ్వను," అన్నాను. "ఎలా తీస్తారో నేనూ చూస్తాను."

"కూర బాగుంది," అన్నాడు మా ఆయన.

*

అప్పట్నుంచి నేను రెండు పనులు చేశాను. పగలంతా గడ్డంతో కలిసి ప్రోగ్రాంని ముక్కలు చేయడం. మధ్యలో దొరికిన ప్రతి నిమిషం అది ఎందుకు కూడని పనో రుజువులు పోగేయడం. రుజువులకేం కొదవ లేదు. ఆర్డరు తీసుకునేది ఒక ముక్క, సరుకు చూసేది ఒక ముక్క, గోడౌన్‌కి చెప్పేది ఇంకో ముక్క. నిన్నటిదాకా ఒకే ఇంట్లో ఉండి పిలిస్తే పలికినవాళ్లు, తలా ఒక ఊళ్లో కాపురం పెట్టి ఒకరికొకరు కబుర్లు పంపుకుంటున్నట్టు తయారైంది. కబురు అందిందో లేదో చూసే మనిషి ఒకడు, ఆ మనిషి ఉన్నాడో పోయాడో చూసే మనిషి మరొకడు.

"ఇంతకుముందు తప్పు దొరకాలంటే ఒక్క చోట వెతికేవాళ్లం," అన్నాడు గడ్డం. "ఇప్పుడు ఎక్కడ వెతకాలో వెతకడానికే ఒక రోజు పడుతోంది అక్కా."

డైరెక్టరు గదికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే వింది. "మార్పు ఎవరికైనా మొదట్లో ఇబ్బందే," అంది చివరికి. "ముందు ఒక్క ఊరి కొట్లతో నడిపి చూద్దాం. అప్పుడు మాట్లాడుకుందాం." ఆవిడ నన్ను చూసిన చూపులో, మొగుడి కోసం మాట్లాడుతోంది పాపం అన్న మాట స్పష్టంగా ఉంది. అది అబద్ధం కూడా కాదు కాబట్టి నాకు మరింత మండింది.

ఊరు ఎంచుకున్నాం. మా ఊరికి రెండు గంటల దారి. మొదటి రోజు బాగానే నడిచింది. రెండో రోజు పొద్దున నా బల్ల మీద ఫోను మోగింది. ఆ ఊళ్లో మందుల కొట్టు నడిపే ఆవిడ.

"అమ్మా, నిన్న సాయంత్రం ఇన్సులిన్ ఆర్డరు పెట్టాను. తెర మీద 'అందింది' అని పచ్చరంగులో వచ్చింది. పొద్దున వ్యాను వచ్చింది, అన్నీ వచ్చాయి, అదొక్కటి రాలేదు."

నేను తెర మీద వెతికాను. ఆర్డరు తీసుకున్న ముక్క తీసుకున్నానంటోంది. గోడౌన్‌కి చెప్పాల్సిన ముక్క, ఐసులో పంపే మందుల సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదంటోంది. ఆ ఊళ్లో మిగతా కొట్లకీ ఇన్సులిన్ పోలేదు.

"మా దగ్గర తీసుకునే ఒక పాప ఉందమ్మా," అందావిడ. "వాళ్ల దగ్గర ఉన్నది సాయంత్రం దాకా వస్తుందట. వాళ్లమ్మ ఇక్కడే కూర్చుంది."

వ్యాన్లన్నీ అప్పటికే వేరే దారుల్లో ఉన్నాయి. ఏం చేయాలా అని నేను గడ్డం ముఖం, గడ్డం నా ముఖం చూసుకుంటుంటే మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. కింద ఆయన తెరమీద కూడా ఎర్ర గుర్తులు పడ్డాయట. సంగతి విని, "గోడౌన్‌లో డబ్బాలు తీయించు. నేను తీసుకెళ్తాను," అన్నాడు.

"మరి గది?"

"నేను కూర్చుంటా బావగారూ," అన్నాడు గడ్డం. "ఏసీని చూస్తూ కూర్చోవడమే కదా."

నేనూ కారెక్కాను. తప్పు చేసిన ప్రోగ్రాం నాది. నాకు నచ్చకపోయినా నా చేత్తో విడగొట్టిందే.

దారిలో ఐసు పెట్టె నా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎండ పెళపెళలాడుతోంది. మేం కొట్టు ముందు ఆగగానే బెంచీ మీంచి ఒకామె లేచి వచ్చింది. పెట్టె తెరిచి, మందు డబ్బా తీసి, పేరు చదివింది, గడువు తేదీ చదివింది, చల్లగా ఉందో లేదో వేళ్లతో చూసింది. డబ్బా సంచీలో పెట్టుకుని, మాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

కొట్టావిడ మాకు మంచినీళ్లిచ్చింది. "కోపమేం పెట్టుకోకండి. పొద్దున్నుంచీ ఏం తినలేదు ఆ మనిషి," అంది.

ఇక వెళ్దామని నేను లేచాను. మా ఆయన లేవలేదు. కౌంటరు లోపలికి వంగి తెర వైపు చూస్తున్నాడు. "మీరు గడువు దాటేవన్నీ ఇలా ఒక్కొక్కటే వెతుకుతారా?" అని అడుగుతున్నాడు.

"మరెలా వెతుకుతారు?"

"ఇది నొక్కండి."

ఆవిడ నొక్కింది. గడువు దగ్గరపడ్డ మందులన్నీ ఒకేచోట వచ్చాయి. "ఇది ఎప్పట్నుంచి ఉంది?" అంది ఆవిడ.

"మొదట్నుంచీ ఉంది."

"మరి ఎవరూ చెప్పలేదే," అని ఆవిడ నా వంక చూసింది. నేను ఐసు పెట్టె మూత సర్దుకున్నాను.

తర్వాత ఆయన లోపలికే వెళ్లి కూర్చున్నాడు. ఆవిడ ఒకటి అడగడం, ఆయన చూపించడం. ఆయన ఒకటి చూపించబోతే, అది మాకెందుకు, ఇది కావాలి మాకు అని ఆవిడ వాదించడం. మధ్యలో ఎవరైనా మందు కొనడానికి వస్తే ఈయనే పక్కకి జరిగి, వాళ్లు వెళ్లాక మళ్లీ మొదలుపెట్టడం. ఏదో మాటకి ఇద్దరూ నవ్వారు. ఆయన అంతలా మాట్లాడగా విని నాకు ఎన్నాళ్లయిందో. బెంచీ మీద కూర్చుని కొత్త మనిషిని చూసినట్టు చూశాను.

మిగతా కొట్లకీ డబ్బాలు ఇచ్చేశాక, తిరుగు దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు. నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

"ఇప్పుడు దొరికింది నాకు మంచి రుజువు," అన్నాను. "రేపు ఆ స్లైడ్లావిడ ముందు పెడతాను. మొత్తం ఆపించేస్తాను. నీ గది ఎక్కడికీ పోదు."

ఆయన టీ ఊదుకుంటున్నాడు. "పోతే బాగుణ్ణు," అన్నాడు.

"ఏంటీ?"

"ఆ గది. పోతే బాగుణ్ణు అంటున్నా." గ్లాసు కింద పెట్టి, "ఎన్నాళ్లని ఆ ఏసీ హోరు వింటూ కూర్చుంటాను. ఇంటికొచ్చి పడుకున్నా చెవుల్లో అదే," అన్నాడు.

"మరి ఎప్పుడూ అనలేదే."

"మొదట్లో అంటే ఉద్యోగం కదా అని అనలేదు. ఇప్పుడు నువ్వు దానికోసం అంత పోట్లాడుతుంటే ఎలా అనను?"

"నేను పోట్లాడింది నీకోసం."

"తెలుసు," అని నవ్వాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకో అనుకున్నా."

నాకు కోపం రావాలి. వస్తుందేమోనని చూశాను కూడా. రాలేదు. భుజాల మీంచి ఎవరో మూట దించినట్టు ఉంది. అది ఎత్తుకోమని నన్నెవరూ అడగలేదని అప్పుడే తెలిసింది.

"మరి ఉద్యోగం?" అన్నాను.

"గది వేరు, ఉద్యోగం వేరు. నువ్వు రెండూ కలిపేశావు," అన్నాడు. ఇంకో టీ చెప్పమంటావా అని అడిగాడు. చెప్పమన్నాను.

*

మర్నాడు నేను లోపలికి వెళ్లేసరికి డైరెక్టరు బల్ల మీద మోచేతులు ఆనించుకుని కూర్చుంది. ఇన్సులిన్ సంగతి ఆవిడని బాగానే కదిలించింది.

"మీరు చెప్పిందే జరిగింది," అంది. "ఆపేద్దామనడానికి వచ్చారా?"

"కాదు మేడమ్. క్లౌడ్‌కి వెళ్దాం. కానీ ముక్కలు చేయొద్దు. ఇల్లు మారేవాళ్లు సామాను మోసుకెళ్తారు గాని, దారిలో మంచాన్ని నాలుగు బల్లలుగా కోసుకోరు కదా. ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి అక్కడ పెడదాం. నడవనిద్దాం. ఆ తర్వాత ఏది మార్చాలో అదే చెప్తుంది."

ఆవిడ లాప్‌టాప్ మూత సగం దించింది. "ముక్కలు చేస్తామని పైవాళ్లకి చెప్పేశాను," అంది.

"ఎందుకు చెప్పారు?"

"అందరూ అదే చెప్తున్నారు కాబట్టి." ఆ మాట ఆవిడకే నవ్వు తెప్పించింది. "నిజం చెప్పనా? ఇదివరకు పనిచేసిన చోట ఇలాగే ముక్కలు చేసి, వాటిని కలపలేక ఏడుపొక్కటే తక్కువైంది నాకు."

"మరి ఇక్కడ మళ్లీ?"

"కొత్తగా వచ్చిన మనిషి 'ఇక్కడ అంతా బాగానే ఉంది' అంటే జీతం ఎందుకిస్తారండీ."

అప్పటిదాకా ఆవిడని నేను స్లైడుగానే చూశాను. మొదటిసారి సాటి ఉద్యోగిలా కనబడింది.

"అయితే స్లైడు తీసెయ్యకండి," అన్నాను. "పైన 'రెండో దశ' అని పేరు పెట్టండి."

"రెండో దశ ఎప్పుడు అని అడిగితే?"

"మొదటిది అయ్యాక అనండి."

"అవునవును. అలాంటి రెండో దశలు నేను చాలా చూశాను," అంది, నవ్వు ఆపుకోకుండా. తర్వాత గొంతు తగ్గించి, "మరి మీ వారు?" అని అడిగింది.

కొట్లో ఏం జరిగిందో చెప్పాను. కొట్టు కొట్టుకీ వెళ్లి ప్రోగ్రాం నేర్పే మనిషి మనకి ఇన్నేళ్లలో ఒక్కరూ లేరని చెప్పాను. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆయన్ని రమ్మనండి. ఆయనకి ఏం కావాలో ఆయన నోటితో వింటాను."

ఆ మాట నాకు చురుక్కుమంది, నచ్చింది కూడా. ఆయన మధ్యాహ్నం వెళ్లాడు. తలుపు అవతల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చాక, "కొట్లకి తిరిగే పని నాదేనట. కారు ఇస్తామన్నారు," అన్నాడు. "ఏమని అడిగావు?" అంటే, "బయట పని ఏదైనా ఉంటే ఇవ్వమన్నాను," అన్నాడు.

*

క్లౌడ్‌కి ఇల్లు మారే పని ఆదివారం పెట్టుకున్నాం, ఎక్కువ కొట్లు మూసి ఉంటాయని. డైరెక్టరు కూడా పొద్దున్నే వచ్చింది, జుట్టు ముడేసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ. సెలవులు కదా అని మా అమ్మాయి వెంటబడి వచ్చింది.

సరుకుల వివరాలన్నీ ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్తుంటే తెర మీద గీత మెల్లగా నిండుతోంది. గడ్డం దాని వంక చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాడు. అంతా వెళ్లాక గోడౌన్‌కి పోయే లేబుల్ ఒకటి అచ్చు తీసి చూస్తే తేదీలో నెల ముందుకొచ్చి, రోజు వెనక్కి పోయింది. అద్దె యంత్రానికి తేదీ రాసే అలవాటు వేరు. గుడ్డలన్నీ సర్దుకుని గుండుసూది మరిచినట్టు అదొక్కటీ మరిచిపోయాం. మందు గడువుతో ఆటలు కాదు కాబట్టి అన్నీ ఆపి, అది దిద్ది, లేబుళ్లు పరిచి ఒక్కొక్కటీ చదివాం. మా అమ్మాయి పైకి చదివింది, డైరెక్టరు సరిచూసింది. ఆ తర్వాత ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి చూశాం. అన్నీ చేరాయి.

నేనూ మా అమ్మాయీ కిందికి దిగి వెళ్లాం. "ఇక ఆపెయ్యొచ్చు," అన్నాను మా ఆయనతో.

ఆయన ఒక్కొక్క యంత్రం ముందు నిలబడి ఆపుకుంటూ వచ్చాడు. హోరు మెట్టు మెట్టుగా దిగింది. చివర్లో ఏసీ ఆపాడు. ఆ గదిలో మామూలు గొంతుతో మాట్లాడుకోగలగడం అదే మొదటిసారి, అప్పటిదాకా అందరం అరుచుకునేవాళ్లం.

మా అమ్మాయి వాళ్ల నాన్న ముఖంలోకి తొంగి చూసింది. "నాన్నా, ఏడుస్తావా?"

"ఆకలేస్తోంది," అన్నాడు ఆయన.

అందరం కలిసి తినడానికి వెళ్లాం. డైరెక్టరు మా అమ్మాయి పక్కన కూర్చుంది. ఆయన మూడోసారి అన్నం పెట్టించుకోవడం చూసి గడ్డం, "బావగారూ, ఇన్నాళ్లూ మీరు తిండి తినలేదా?" అని అడిగాడు. "తిన్నాను. కూర్చుని తినలేదు," అన్నాడు మా ఆయన.

సోమవారం పొద్దున ఆయన మొదట ఫోను చేసింది ఆ ఇన్సులిన్ కొట్టావిడకి. డబ్బా వచ్చిందా అని అడిగాడు. వచ్చిందట. ఆ పాప వాళ్లమ్మ కూడా వచ్చి తీసుకెళ్లిందట.

క్లౌడ్ అంటే నాకు పూర్తిగా మనసు మారిందని చెప్పను. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మా ప్రోగ్రాం ఉన్నట్టుండి నిలిచిపోయింది. తప్పు మాది కాదు, అద్దెకిచ్చిన కంపెనీ యంత్రాలే పడకేశాయి. గడ్డం అలవాటు కొద్దీ కిందికి పరుగెత్తి, ఖాళీ గది చూసి, మళ్లీ పైకి పరుగెత్తి వచ్చాడు. ఆ రోజు మా ఆయన ఆఫీసులోనే ఉన్నాడు, క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు.

"బావగారూ, ఆగిపోయింది."

"ఎవరిది?"

"మనదే. అంటే, వాళ్లది."

"వాళ్లకి చెప్పారా?"

"చెప్పాం. తెలుసు, చూస్తున్నాం అంటున్నారు."

"అయితే కూర్చో. తిన్నావా?" అన్నాడు, క్యారేజీ గిన్నె అతని వైపు జరుపుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో దీపం ఆరిపోతే వత్తి ఎగదోయడానికి కూడా మన చెయ్యి అందదు, ఇదేం బతుకు అని డైరెక్టరుతో అన్నాను. ఆవిడకీ మండుతోంది, ఫోను చెవిన పెట్టుకుని కారిడారులో తిరుగుతోంది. ఒక గంటకి దానంతటదే లేచింది. ఆగిన ఆర్డర్లన్నీ వరసగా వచ్చిపడ్డాయి. ఆ గంటలో మా ఆయన కంచం కడుక్కుని, కుర్చీలో చిన్న కునుకు కూడా తీశాడు. అది చూశాక నా మంట సగం తగ్గింది.

*

వానలు మొదలయ్యేసరికి ఆయన వారంలో నాలుగు రోజులు రోడ్ల మీదే ఉండేవాడు. చేతులు నల్లబడ్డాయి. రకరకాల ఊళ్ల బురద కారు నిండా పట్టుకొచ్చేవాడు. వాటితో పాటు కబుర్లు కూడా. ఏ కొట్లో ఏ మందు పేరు ఎలా పలుకుతారో, ఎవరి కౌంటరు మీద పిల్లి పడుకుంటుందో చెప్తుంటే మా అమ్మాయి టీవీ తనే కట్టేసి వినేది. అత్తయ్య మొదట్లో, వయసు మీదపడ్డాక ఈ తిరుగుళ్లేమిట్రా అని గొణిగింది. తర్వాత, నిన్న పిల్లి గురించి చెప్తూ ఆపేశావేం అని ఆవిడే అడగసాగింది.

ఒకరోజు పొద్దున ఆయన బయల్దేరే ముందు బల్ల దగ్గర కూర్చుని నా ప్రోగ్రాం మీద విరుచుకుపడ్డాడు.

"ఆ 'గడువు' బటన్ అంత చిన్నగా ఎందుకు? కొట్లలో అందరూ వేలితో నొక్కుతారు. అది నొక్కబోతే పక్కనున్న 'తీసెయ్' మీద పడుతోంది. భయపడి అసలు అటువైపే పోవట్లేదు ఎవరూ. ఎవడు పెట్టాడో గాని బుర్ర పెట్టలేదు."

"ఎవడో కాదు. నేనే."

అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మార్చు మరి," అన్నాడు, కారు తాళాలు తీసుకుంటూ.

ఇదివరకైతే ఇంత చిన్న మార్పు కూడా నెలాఖరు ఆదివారం దాకా ఆగాల్సిందే. కొట్లన్నీ మూసి ఉన్నప్పుడు సర్వర్లు ఆపి, మార్చి, మళ్లీ లేపాలి. ఆ రోజు నేను ఆఫీసుకి వెళ్లగానే బటన్ పెద్దది చేశాను, 'తీసెయ్'ని ఆ చివరకి నెట్టాను. గడ్డం సరిచూశాడు. పదకొండు గంటల టీ రాకముందే అది అన్ని కొట్లకీ వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ క్లౌడ్‌ని ఆడిపోసుకున్న నోటితో, ఇది బాగానే ఉందే అని మెల్లగా అనుకున్నాను. గడ్డం వినలేదు. వింటే నెలరోజులు వదలడు.

కాసేపటికి మా ఆయన ఫోను చేశాడు. అవతల రేకుల మీద వాన చప్పుడు.

"ఏం చేశావు? ఇక్కడి కొట్టాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటున్నాడు."

"ఎందుకు?"

"నిన్నటిదాకా కంటికే ఆనని బటన్ ఈ పూట ఇంత పెద్దదెలా అయిందని."

వెనక నుంచి ఒక ముసలి గొంతు, "ఇప్పుడు నా వేలు సరిగ్గా పడుతోందని చెప్పండి," అంది.

"చెప్పక్కర్లేదు, వినబడింది," అన్నాను. ఇన్నేళ్లుగా రాస్తున్న ప్రోగ్రాంని వాడే మనిషి గొంతు, ఏమీ చెడిపోకుండా, ఏమీ ఆగిపోకుండా, ఊరికే వినడం నాకదే మొదలు. "ఇంకేమైనా మార్చాలా అని అడుగు."

ఆయన అడిగాడు. అవతల నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడైంది.

"కాస్త ఆగు," అన్నాడు మా ఆయన. "ఆయన కుర్చీ లాక్కుంటున్నాడు."